వియ్యం లేని పెళ్లి

(రాచమల్లు రామచంద్రారెడ్డి స్మారకోపన్యాసం, ప్రొద్దుటూరు)

ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, ఆడవాళ్లేమో గోడవార నిలబడి ఉన్నారు. అమ్మా, ముందుకొచ్చి కూర్చోండి. ఈ పూట మాట్లాడబోయేది ఎక్కువగా మీ సంగతే.

మనం తలుచుకుంటున్న మనిషి 1922లో పులివెందుల తాలూకా పైడిపాలెంలో పుట్టి, 1988లో మనల్ని విడిచిపోయారు. మనందరి నోట్లో ఆయన రారా. కడప నుంచి ‘సంవేదన’ పత్రిక నడిపారు. ‘సారస్వత వివేచన’ రాశారు. ‘అలసిన గుండెలు’ పేరుతో కథలు వేశారు. మాస్కోలో కొన్నేళ్లు ఉండి రష్యన్ పుస్తకాలు తెలుగు చేశారు. ఆ పని నేర్పిన పాఠాలను ‘అనువాద సమస్యలు’గా రాస్తే దానికి కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆయన విమర్శకు కోపం తెచ్చుకున్న రచయితలు చాలామంది ఉన్నారు. చదవకుండా పక్కన పెట్టినవాళ్లు మాత్రం తక్కువ. మార్క్సిస్టు అయ్యుండి కూడా, రచనలో సిద్ధాంతం ఉన్నంత మాత్రాన మార్కులు వేసే రకం కాదు. మనిషి బతుకు ఎంత దించావో చూపించమని అడిగేవారు. పెద్ద మాట వినపడితే దాని కింద ఏముందో తవ్వి చూసే ఆ అలవాటునే ఈ రోజు అరువు తెచ్చుకుంటున్నాను.

నేను తవ్వదలిచిన పెద్ద మాట ‘మతం అడ్డొచ్చింది’ అన్నది. కువైట్ సంపాదన మీద నిలబడిన ముస్లిం ఇంట్లో కొడుకో కూతురో హిందువుల బిడ్డను ప్రేమించారు, ఇల్లు అల్లకల్లోలమైంది, ఎందుకయ్యా అంటే మతం అడ్డొచ్చింది అంటాం. ముస్లిం ఇంట పుట్టి, తెలుగు పాఠం చెప్పి బతికినవాణ్ణి. నాకు ఆ జవాబు చాలదు. వలసపోయిన ఇంటికి పెళ్లి అంటే వియ్యం. ఆ ఇల్లు మతాంతర ప్రేమను చూసి వణికేది ముందుగా వియ్యం పోతుందని. దేవుడి ప్రస్తావన ఆ తరవాత వస్తుంది. నా వాదన ఇంతే. దాన్ని మెట్టు మెట్టుగా చెప్తాను.

1

మన ఊళ్లలో వరసలకు కొరత లేదు. రెడ్డిగారు మస్తాన్‌ను ‘ఏం మామా’ అంటాడు. మస్తాన్ రెడ్డిగారి కొడుకును ‘అల్లుడా’ అంటాడు. దస్తగిరి, హుసేనప్ప, మస్తానమ్మ అన్న పేర్లు పెట్టుకున్న హిందువులు పల్లెకు పదిమంది ఉంటారు. పీర్ల పండుగకు అగ్గిగుండం తొక్కేవాళ్లలో తురకలెవరో, కానివాళ్లెవరో లెక్క తీయడం కష్టం. కడప పెద్ద దర్గా ఉరుసుకు పోయేవాళ్ల సంగతీ అంతే. 2011 జనగణన ప్రకారం జిల్లాలో నూటికి పదిహేను మంది దాకా ముస్లింలం. ఇంటి గోడలు ఆనుకునే ఉన్నాయి. జొన్నరొట్టె, గోంగూర ఒకటే.

అయినా మామా, అల్లుడా అని పిలుచుకున్న ఇద్దరూ ఆ వరస ఏనాడూ నిజం కాదన్న ధైర్యంతోనే పిలుచుకుంటారు. వరసకు భయం లేదు, వియ్యానికి ఉంది.

సామరస్యం గురించి మాట్లాడే ప్రతి సభలోనూ దేవుని కడప ప్రస్తావన వస్తుంది. ఉగాది రోజున లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడికి ముస్లింలు వచ్చి కొబ్బరికాయ కొట్టి పోవడం నిజం. స్వామి దేవేరి బీబీ నాంచారి తమ ఆడపడుచనీ, స్వామి తమ ఇంటి అల్లుడనీ వాళ్ల నమ్మకం. చూడముచ్చటైన నమ్మకం, నేను కాదనను. కానీ దాన్ని మతాంతర వివాహానికి సాక్ష్యంగా చూపిస్తే ఒప్పుకోను. దేవుడు అల్లుడైతే జోడే కా రఖమ్, అంటే కట్నం, అడగడు. పండక్కి పిలవలేదని అలగడు. పుట్టిన పిల్లవాడికి ఖత్నా చేయాలా, పుట్టువెంట్రుకలు తీయించాలా అన్న తగువు తేడు. ఆ వియ్యంలో ఇచ్చిపుచ్చుకోవడాలు లేవు కాబట్టే అన్ని వందల ఏళ్లు చెడకుండా నిలిచింది.

దీనికి ఎదురుగా పెట్టాల్సిన కథ సిద్దయ్యది. దూదేకుల ఇంటి కుర్రవాడు కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మంగారి దగ్గర శిష్యుడిగా చేరాడు. కన్నవాళ్లు నవాబు దగ్గరికి ఫిర్యాదుకు పోయారని కథ. సిద్దయ్యను మనం ఇవాళ రెండు మతాలవాళ్లం మొక్కుతాం. మొక్కేటప్పుడు ఆ తల్లిదండ్రులను తలుచుకునేవాళ్లు లేరు. బిడ్డ గడప దాటాడన్న దుఃఖం వాళ్లది. ఈ ఉపన్యాసంలో నేను వాళ్ల పక్కన కూడా కాసేపు కూర్చుంటాను.

2

ఇప్పుడు కువైట్ ఇల్లు. రాయచోటి, రాజంపేట, కడప వైపు వలస ఎక్కువ అంటారు. వేంపల్లె, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వీధుల్లో మాత్రం తక్కువా? డ్రైవర్లు, వంటవాళ్లు, బేల్దార్లు, ఇళ్లల్లో పనికి పోయే ఆడవాళ్లు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో అడుగుపెట్టినప్పుడు అక్కడి భారతీయుల్ని అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు, లక్షా డెబ్బై వేల మంది దాకా. అప్పుడు చేతి సంచితో దిగినవాళ్లు మన జిల్లాలోనూ ఉన్నారు. కాస్త కుదుటపడగానే మళ్లీ అదే దారి పట్టారు, పెన్నలో నీళ్లు లేవు కాబట్టి.

ఆ ఇల్లు ఎట్లా నడుస్తుంది? అబ్బా ఫర్వానియాలో ఉంటాడు, అమ్మీ ఇక్కడ. కుటుంబాన్ని తీసుకుపోవడం డ్రైవర్ జీతంతో అయ్యే పని కాదు. 2024 జనవరిలో ఫ్యామిలీ వీసాలు మళ్లీ తెరిచినప్పుడు కువైట్ పెట్టిన షరతు నెలకు 800 దినార్ల జీతం. మనవాళ్లలో ఆ జీతం ఉన్నవాణ్ణి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి మొగుడూ పెళ్లాల కాపురం సెలవుల్లో జరుగుతుంది, తండ్రితనం ఫోన్లో జరుగుతుంది.

సరే, ఇది అందరికీ తెలిసిందే. అంతగా చర్చకు రానిది వీసా ఎవరు తీయిస్తారన్న సంగతి. ఏజెంటుకు డబ్బు కట్టి మోసపోయినవాళ్ల కథలు విన్నాక ప్రతి ఇల్లూ నమ్మేది బంధువునే. కంపెనీ పనికి షూన్ వీసా కావాలన్నా, ఇంటి పనికి ఖాదిం వీసా కావాలన్నా అక్కడ కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చే యజమానితో, మాట్లాడగలిగిన బావమరిది ఉండాలి. అక్క మొగుడు తమ్ముణ్ణి తీసుకుపోతాడు, ఆ తమ్ముడు తన పెళ్లయ్యాక పెళ్లాం అన్నను తీసుకుపోతాడు. జబ్బు చేసినా, జైల్లో పడినా, జీతం ఆగినా మొదటి ఫోను వియ్యంకుల ఇంటికే. ఇక్కడ అమ్మీ ఒంటరిగా పిల్లల్ని సాకుతుంటే ఆసుపత్రికి తోడు వచ్చేదీ, ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీతో తగువు పడేదీ వాళ్లే. సర్కారు ఇవ్వని బీమా, యజమాని ఇవ్వని పింఛను, రెండూ కలిపి వియ్యం. పెళ్లి సంబంధం చూసేటప్పుడు పెద్దలు పిల్లవాడి ముఖం కంటే వాళ్ల మామూ ఎక్కడున్నాడు, చిచ్చా ఎక్కడున్నాడు అని ముందు అడుగుతారు. మీరు నవ్వుతున్నారు, మీ ఇళ్లల్లోనూ అడిగారు కాబట్టే నవ్వు వచ్చింది.

ఆ ఇంటికి కొడుకు ఫోన్ చేసి, నేను ఫలానా బలిజల పిల్లను చేసుకుంటా అన్నాడనుకోండి. అమ్మీ మొదట అడిగేది కల్మా చదువుతుందా అనే. ఆ ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. జవాబు దొరకని ప్రశ్న వెనకాల ఉంటుంది. ‘సంబంధీ’, అంటే వియ్యంకుడా, అని ఎవర్ని పిలవాలి? వలీమా విందుకు అటు వరస కుర్చీల్లో ఎవరు కూర్చుంటారు? చిన్నోడికి వీసా ఎవరు తీస్తారు? వెనకున్న ఇద్దరు చెల్లెళ్లకు సంబంధాలు వస్తాయా? ‘లోగాఁ క్యా బోలేంగే’, జనం ఏమంటారు, అని మా ఇళ్లల్లో రోజుకు పదిసార్లు వినపడే మాటలోని ఆ జనం ఎవరో కాదు, రేపు సంబంధం కలుపుకోవాల్సినవాళ్లు.

ఇంకో చిక్కు ఉంది. ఈ ప్రేమలకు దారి వేసింది కూడా ఆ దినార్లే. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ 2006లో వచ్చాయి. 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ వచ్చింది. అబ్బా పంపిన డబ్బుతో కోచింగు తీసుకుని, బస్సు పాసు చేయించుకుని, పక్క బెంచీ పిల్లవాడితో ల్యాబ్ రికార్డు పంచుకున్న కూతురు తనకంటూ మనిషిని ఎంచుకుంది. చదివించిన ఇంటికే ఆ ఎంపిక ద్రోహంలా కనిపించింది. వేంపల్లె షరీఫ్ ‘జుమ్మా’ కథలు 2011లో వచ్చి, మరుసటేడు కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం తెచ్చుకున్నాయి. మన పక్క ఊరి ముస్లిం ఇంటి లోపలి గది తెలుగు కథలోకి వచ్చినందుకు సంతోషించాం. ఈ చదువుకున్న కూతురు కథ కూడా ఎవరైనా రాయాలి. రారా బతికుంటే ఈపాటికి అడిగేవారు.

కొడుకు వేరు, కూతురు వేరు. ఈ మాట ముస్లింగా నేనే చెప్పాలి. కొడుకు హిందువుల పిల్లను తెస్తే నాలుగు రోజులు ఏడ్చి, పేరు మార్చి, నిఖా చేసి, ఒకరిని దీన్‌లోకి తెచ్చిన సవాబ్, అంటే పుణ్యం, దక్కిందని సర్దుకుంటారు. కూతురు హిందువుల పిల్లవాడితో పోతే ఆమె ఫోటో గోడ మీద నుంచి దిగుతుంది. షరియత్‌లో ఇద్దరికీ వేరు వేరు నియమాలు ఉన్నాయని పండితులు చెప్తారు. ముస్లిం పురుషుడికి గ్రంథ ప్రజల స్త్రీతో పెళ్లికి అల్ మాయిదా సూరాలో అనుమతి ఉంది, విగ్రహారాధకులతో పెళ్లిని అల్ బఖరా సూరా స్త్రీ పురుషులిద్దరికీ వద్దంటుంది. గమనించారా? మన ఊళ్లో తెచ్చుకునే కోడలు మతం మారకపోతే ఆ నియమం కొడుక్కీ అడ్డమే. అయినా కొడుకు విషయంలో సర్దుబాటు దొరుకుతుంది, కూతురు విషయంలో దొరకదు. అంటే ఆ తేడాలో కొంత గ్రంథంలోది, చాలా భాగం మన వాకిట్లోది.

3

ఇక్కడ చరిత్రలోంచి ఓ ఇంటిని చూపిస్తాను. హైదరాబాదు భాగమతి ప్రేమకథ ఎత్తబోవడం లేదు. అది జరిగిందా లేదా అన్న దాని మీదే చరిత్రకారులకు పొత్తు కుదరలేదు. దస్తావేజులున్న కథ చెప్తాను.

1800 అక్టోబరు 12న నిజాముకు, ఈస్టిండియా కంపెనీకి కుదిరిన ఒప్పందంతో మన కడప సీమ, బళ్లారి, అనంతపురం సీమలతో పాటు కంపెనీ పాలనలోకి పోయింది. దత్తమండలాలు అంటున్నది దీన్నే. ఆ తరవాత వచ్చిన కలెక్టరు మన్రో పేరు మన ముసలివాళ్లకు కూడా తెలుసు. కంపెనీ తరఫున ఆ బేరం నడిపిన హైదరాబాదు రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ పేరు మనకు తెలియదు. దాదాపు ఆ రోజుల్లోనే ఆయన సొంత బతుకులో మరో ఒప్పందం నడుస్తోంది, అది పెళ్లి ఒప్పందం.

ఆ అమ్మాయి ఖైరున్నిసా. ఇరాన్ మూలాలున్న సయ్యద్‌ల ఇల్లు. షూస్తర్ నుంచి వలస వచ్చిన మీర్ ఆలం వంశంతో దగ్గరి చుట్టరికం. ఆ మీర్ ఆలం తరవాత నిజాముకు దివాను కూడా అయ్యాడు. పరాయి దేశంలో స్థిరపడిన సయ్యద్‌లు పిల్లల్ని తమ వంశాల్లోనే ఇచ్చి పుచ్చుకునేవారు. వలస ఇంటికి వంశమే ఆస్తి కదా. ఖైరున్నిసాకు కూడా అప్పటికే పెద్దింటి సంబంధం కుదిరి ఉంది. అక్క పెళ్లిలో తెరచాటు నుంచి ఆమె కిర్క్‌పాట్రిక్‌ను చూసిందంటారు. తాత బాఖర్ అలీ ఖాన్‌కు ఇది సమ్మతం కాలేదు. తల్లి షరఫున్నిసా, అమ్మమ్మ మాత్రం పిల్ల వైపు నిలిచారు. కిర్క్‌పాట్రిక్ ఇస్లాం తీసుకున్నాడు, నిఖా జరిగింది. 1801లో కొడుకు, 1802లో కూతురు పుట్టారు. గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఈ సంబంధం మీద విచారణ కూడా జరిపించాడు. విలియం డాల్రింపుల్ 2002లో ఈ కథను పెద్ద పుస్తకంగా రాశాడు. కోఠి మహిళా కళాశాలలో చదివిన ఆడపిల్లలు ఈ సభలో ఉంటే, మీరు పాఠాలు విన్న ఆ స్తంభాల మేడ కిర్క్‌పాట్రిక్ కట్టించిందే.

సినిమా అయితే నిఖాతో ముగిసేది. నాకు కావాల్సింది ఆ తరవాతి భాగం. 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండులో తాత దగ్గరికి ఓడ ఎక్కించారు. కూతురికి అప్పటికి మూడేళ్లు. అదే ఏడు అక్టోబరు 15న కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. పిల్లలకు లండన్‌లో బాప్తిస్మం ఇచ్చి కొత్త పేర్లు పెట్టారు. ఖైరున్నిసా పిల్లల్ని మళ్లీ చూడకుండానే 1813లో పోయింది. అప్పటికి ఆమెకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. కూతురు కిట్టీ అక్కడే పెరిగి పెద్దదై, హైదరాబాదులో ఇంకా బతికే ఉన్న అమ్మమ్మ షరఫున్నిసాతో ఉత్తరాలు మొదలుపెట్టేసరికి 1840లు వచ్చాయి. మూడున్నర దశాబ్దాలు.

మతం అడ్డు అనుకున్నాం కదా. అక్కడ వరుడు మతం మారాడు. నిఖా జరిగింది. ఇంటి ఆడవాళ్లు ఒప్పుకున్నారు. మతం పరంగా మిగిలిన అడ్డేమీ లేదు. అయినా ఆ పెళ్లి రెండు ఇళ్లను కలపలేదు. ఇంగ్లండు తాతకూ, హైదరాబాదు అమ్మమ్మకూ మధ్య వియ్యం ఏర్పడలేదు. మొగుడు పోయిన రోజున పిల్లలు ఎవరివాళ్లన్న ప్రశ్న రానే లేదు, ఒక వైపు బలం ఉంది కాబట్టి వాళ్లే తీసుకున్నారు. మతం మార్చేస్తే సమస్య తీరిపోతుందనే మా జమాత్ పెద్దలకూ, శుద్ధి చేయించి తాళి కట్టిస్తే తీరిపోతుందనే మీ సంఘ పెద్దలకూ ఈ కథ అప్పజెప్తున్నాను.

4

ఇప్పుడు కొంచెం బోరు కొట్టే విషయం. న్యాయవాద మిత్రులు మన్నించాలి, మీ పని నేను చేస్తున్నాను.

ఎవరి మతం వాళ్లు ఉంచుకుని పెళ్లి చేసుకోవడానికి ఈ దేశంలో 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. పిల్లవాడికి 21, పిల్లకు 18 నిండాలి. ఇద్దరిలో ఒకరైనా నోటీసుకు ముందు 30 రోజులు ఆ జిల్లాలో నివాసం ఉండాలి. వివాహాధికారికి నోటీసు ఇస్తే దాన్ని కార్యాలయం గోడకు అందరికీ కనపడేలా అంటిస్తారు. వేరే జిల్లాలో శాశ్వత నివాసం ఉంటే అక్కడి గోడకు కూడా ఎక్కుతుంది. అభ్యంతరాలకు మరో 30 రోజులు. ఆ తరవాత ముగ్గురు సాక్షులతో పెళ్లి.

కువైట్ డ్రైవరుకు సెలవు ఎన్ని రోజులు? రెండేళ్లకోసారి నెల, కఫీల్ మంచివాడైతే రెండు నెలలు. అమ్మాయి ఇక్కడే ఉందనుకున్నా నోటీసు గడువుతోనే సెలవు అయిపోతుంది. ఆ నెల రోజులూ ఇద్దరి పేర్లూ గోడ మీద ఉంటాయి, ఊరు చదువుతుంది. అదే నిఖా అయితే అమ్మాయి కల్మా చదివిన సాయంత్రానికి అయిపోతుంది. ఆర్యసమాజం పెళ్లీ అంతే, అబ్బాయో అమ్మాయో హిందువుగా మారితే ఆ పూటకే తాళి. హడావుడిగా మతం మారిన జంటల్ని చూసి మనం నమ్మకం గురించి వాదించుకుంటాం. చాలా జంటలకు అది నమ్మకం సంగతే కాదు, సెలవు సంగతి. తమ మతాలు తాము ఉంచుకోవాలనుకున్నవాళ్లకు చట్టం అరవై రోజుల దారి చూపించి, మారేవాళ్లకు గంట దారి వదిలింది. మతం మార్పిడిని తప్పు పట్టే నాయకులు ముందు ఈ గోడ మీది నోటీసు తీయించమని అడగాలి, వాళ్లు అడగరు. 2021 జనవరిలో అలహాబాద్ హైకోర్టు, జంట కోరితే తప్ప నోటీసు బయట పెట్టనక్కర్లేదంది. అది ఉత్తరప్రదేశ్‌లోని తీర్పు.

పెళ్లి సంగతి ఇంటికి తెలియడం ఎంత ప్రమాదమో అర్థం కావాలంటే 2022 మే 4 గుర్తు చేసుకోండి. హైదరాబాదు సరూర్‌నగర్‌లో ముస్లిం అమ్మాయిని ఆర్యసమాజంలో పెళ్లాడిన దళిత యువకుణ్ణి నడిరోడ్డు మీద చంపారు. పోలీసులు పట్టుకున్న నిందితుల్లో ముఖ్యుడు ఆమె సొంత అన్న. ఆ అన్నకు సమర్థన మా గ్రంథంలో దొరకదు, మా వీధిలో దొరికింది. ఖండిస్తూ మాట్లాడినవాళ్లు ఉన్నారు, కానీ ఇంకా గట్టిగా మాట్లాడాల్సింది. చచ్చిపోయినవాడు దళితుడు కాకుండా ఉంటే ఆ కోపం అంత దూరం పోయేదా అన్న ప్రశ్న కూడా నాకుంది. మతం పేరు చెప్పి కులం పని చేసుకుపోయే సందర్భాలు మా ఇళ్లల్లోనూ లేకపోలేదు.

ఆస్తి సంగతి క్లుప్తంగా చెప్తాను. ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకున్నవాళ్ల వారసత్వం 1925 నాటి భారత వారసత్వ చట్టం కిందికి వస్తుంది. హిందూ అమ్మాయి మతం మారినంత మాత్రాన తండ్రి ఆస్తిలో ఆమె వాటా పోదు. కానీ మారిన తరవాత పుట్టిన పిల్లలకు, హిందూ వారసత్వ చట్టం 26వ సెక్షను ప్రకారం, అమ్మ తరఫు హిందూ బంధువుల ఆస్తిలో వారసత్వం రాదు, ఆ వారసత్వం వచ్చే నాటికి వాళ్లు హిందువులై ఉంటే తప్ప. ముస్లిం పురుషుడు మతం మారని హిందూ స్త్రీని నిఖా చేసుకుంటే ఆ పెళ్లి సక్రమం కాకపోయినా, పిల్లలు సక్రమ సంతానమేనని, తండ్రి ఆస్తికి వారసులేనని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మ వైపు తాత ఆస్తి ఆగిపోవడం, నాన్న వైపు ఆస్తి రావడం... చూడండి, చట్టం కూడా ఈ పెళ్లిలో రెండు వైపులా వియ్యం ఉందని ఒప్పుకోలేకపోతోంది.

5

ఆడవాళ్లను ముందుకు రమ్మన్నది ఈ మాట కోసం.

మతం మారి, కొత్త పేరుతో కువైట్ ఇంటికి కోడలుగా వచ్చిన అమ్మాయిని తలుచుకోండి. నిఖా అయిన నెలకు మొగుడు విమానం ఎక్కుతాడు. ఆమె అత్తతో, ఆడబిడ్డలతో ఉంటుంది. ఇంట్లో మాటలు దక్కనీలో నడుస్తాయి. ఆమెకు సగం అర్థమవుతాయి. నమాజు నేర్చుకుంటుంది, రోజాలు ఉంటుంది. అత్త చెడ్డది కాదు, తన బిడ్డను ఎగరేసుకుపోయిందన్న కినుక మాత్రం ఉంటుంది. వేరే కోడలైతే అలిగి పుట్టింటికి పోతుంది. వారం తరవాత అన్న వచ్చి దింపుతాడు, ఇద్దరు మగవాళ్లు చాయ్ తాగుతారు, విషయం చల్లబడుతుంది. ఈ అమ్మాయి అలిగి ఎక్కడికి పోవాలి? మొదటి కాన్పుకు ఎవరు తీసుకుపోతారు? తొమ్మిదో నెలలో కాళ్లు వాచినప్పుడు ఏం తినాలో చెప్పే అమ్మ, అదే జమ్మలమడుగులో రెండు వీధుల అవతల ఉంటుంది. ఉండీ రాదు. పొరపాటున కూరగాయల అంగడి దగ్గర ఎదురుపడితే కొంగు అడ్డం పెట్టుకుని పోతుంది.

మా ఇంటి నుంచి పోయిన కూతురికీ ఇదే గతి. అక్కడ పేరు మారి, బొట్టు పెట్టుకుని, అత్తగారింట్లో ఉగాది పచ్చడి కలుపుతుంటుంది. రంజాన్ నెలవంక కనపడిన రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి? అబ్బా కువైట్ నంబరు మారిపోయి ఉంటుంది.

తల్లిదండ్రుల దుఃఖాన్ని నేను తక్కువ చేయను. ఇరవై ఏళ్లు ఎండలో బండి తోలి, కూతురు పెళ్లి అనే ఒక్క రోజు కోసం ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో తులం తులం కొన్న మనిషికి ఆ రోజే లేకుండా పోయింది. సెలవు దినాల్లో తప్ప కూతుర్ని చూడని తండ్రి అతను. తను లేని ఏళ్లలో ఆ పిల్ల పెద్దదయింది, తనకు తెలియని మనిషయింది. ఆ కోపంలో సగం కువైట్ మీది కోపం. పిల్ల మీద చూపిస్తున్నాడు. నేను అతనికి చెప్పేది ఒకటే. పిల్ల వియ్యాన్ని తెంచలేదు. నువ్వు ఫోన్ ఎత్తకపోవడంతో తెగింది.

ఇంతసేపూ ముస్లిం ఇల్లే చూపించాను. రెడ్డి ఇల్లు, బలిజ ఇల్లు, చౌదరి ఇల్లు ఇందుకు భిన్నమని అనుకుని ఎవరూ హాయిగా కూర్చోవద్దు. కులం దాటిన హిందూ పెళ్లికే మన జిల్లాలో ఎంతమంది వియ్యంకులు కలుసుకున్నారు? ఈ ప్రేమలన్నీ కుట్రలని ప్రచారం చేసేవాళ్లకు నా జవాబు చిన్నది. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2018లో సుప్రీంకోర్టు, పెద్దయిన ఆడపిల్ల ఎవర్ని చేసుకోవాలన్నది ఆమె ఇష్టమని తేల్చింది. కొన్ని రాష్ట్రాలు మతం మార్పిడి చట్టాలు తెచ్చినా ఆంధ్రప్రదేశ్‌లో అలాంటిది లేదు. రాకూడదనే కోరుకుంటున్నాను.

నా విన్నపాలు మూడు. మసీదు కమిటీ పెద్దలు ఇక్కడ ఉన్నారు. కూతురు పోయిన ఇంటిని చావుకు, షాదీకి పిలవకుండా వెలివేసే అలవాటు మానండి. మిగిలిన చెల్లెళ్లకు సంబంధాలు రాకుండా చేసేది ఆ వెలి, మరేదీ కాదు. హిందూ పెద్దలకూ ఇదే మనవి. రెండోది రెండు వైపులా ఉన్న అమ్మలకు. పెళ్లికి పోవద్దనుకుంటే పోకండి, కాన్పుకు పోండి. బిడ్డ పుట్టిన గదిలో మతం గురించి మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.

మూడోది న్యాయవాదులకు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కోర్టుల్లో పని చేసేవాళ్లు ఈ హాల్లో పదిమంది దాకా కనపడుతున్నారు. ప్రత్యేక వివాహ చట్టం గురించి, నోటీసు గురించి, పోలీసు రక్షణ గురించి భయంతో అడగడానికి వచ్చే జంటలకు డబ్బు తీసుకోకుండా సలహా ఇవ్వగలిగినవాళ్లు సభ అయ్యాక మీ పేరు, ఫోన్ నంబరు ద్వారం దగ్గరున్న పిల్లలకు రాసి ఇచ్చి పోండి.